పాత ఇంజనులకు విడిభాగములు: కాలువ పడవలవారినుండి మనము నేర్వదగినది

ఇంజను చెడిపోవుట వేరు. దానికి కావలసిన విడిభాగము దొరకకపోవుట వేరు. మొదటిది ఏ యంత్రమునకైనను సహజము. రెండవది తఱచుగా యజమానుల అజాగ్రత్తవలన కలుగునది. ఈ భేదమును గుర్తింపకపోవుటచేతనే మన గ్రామములలో ఇంకను చాలకాలము పనిచేయగల ఆయిలింజనులు పాత ఇనుము వర్తకుని త్రాసు నెక్కుచున్నవి. డెల్టా శివారు గ్రామములలో దాళ్వా వరి పాలుపోసికొను దినములందు కాలువ నీరు అందనప్పుడు, మురుగు కాలువనుండి నీరు తోడి చేను కాపాడుకొనుటకు రైతునకు దిక్కైనది ఈ ఇంజనే. అట్టి సమయమున ఒక రింగు విఱిగియో, ఒక నాజిల్ చెడియో ఇంజను నిలిచి, ఆ వస్తువు చేతికి వచ్చుటకు పదిదినములు పట్టినచో, దాని వెల యెంత యని యడుగుట వ్యర్థము. ఆ చేని పంట వెలయే దాని వెల.

ఈ విషయమున సంఘములు చేయవలసిన పని యొకటి కలదని మా అభిప్రాయము. దానిని చెప్పుటకు ముందు, ఇదే చిక్కులో పడి, దానిని చాలవఱకు దాటిన యొక జనసమూహమునుగూర్చి సభ్యులకు తెలుపదలచితిమి. వారు ఇంగ్లండు దేశమున కాలువలపై పడవలు నడుపుకొనువారు.

ఇఱుకు పడవలు

మన గోదావరి, కృష్ణా కాలువలపై ధాన్యపు పడవలు నడిచిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. ఇంగ్లండులోను పదునెనిమిదవ శతాబ్దమునుండి సరకుల రవాణాకు కాలువలు త్రవ్విరి. వానిలో పెక్కింటి లాకులు సుమారు 7 అడుగుల వెడల్పునకు మించి యుండవు. కావున ఆ లాకులలో పట్టునట్లు 7 అడుగులకు కొంచెము తక్కువ వెడల్పును, 70 అడుగుల వఱకు పొడవును గల పడవలను కట్టిరి. వీనినే నేరోబోట్లు, అనగా ఇఱుకు పడవలు, అందురు. మొదట వీనిని గట్టుమీద నడుచు గుఱ్ఱములు లాగెడివి. 1912 ప్రాంతమునుండి స్వీడను దేశపు బొలిండరు ఇంజనులను కొన్ని పడవలలో అమర్చిరి. 1930 తరువాతి సంవత్సరములలో రస్సెల్ న్యూబెరీ, నేషనల్, లిస్టరు మొదలగు కంపెనీల డీజిలు ఇంజనులు వచ్చినవి. ఇవి నిదానముగా తిరుగు బరువైన యంత్రములు. మన పల్లెలలోని పాత ఆయిలింజనులకు జ్ఞాతులే యనవచ్చును.

1948 జనవరి 1వ తేదీన ఆ కాలువలలో పెక్కు భాగము ప్రభుత్వపరమైనది. రైళ్లును లారీలును సరకులను తీసికొనిపోవుటచే పడవల పని క్షీణించెను. 1962-63 శీతకాలమున కాలువలు గడ్డకట్టి పడవలు వారములకొలది కదలలేకపోయినవి. ఆ పిమ్మట ఇఱుకు పడవల సరకు రవాణా దాదాపుగా అంతమైనది. అయినను పడవలు పోలేదు. వానిలో కాపురముండువారును, విహారమునకు పోవువారును హెచ్చిరి. నేడు అన్ని తరగతుల పడవలును కలిసి ఆ దేశపు కాలువలమీదను నదులమీదను ముప్పదివేలకు పైగా నున్నవి. వానిలో కొన్నింటియందు ఎనుబది, తొంబది యేండ్ల నాటి ఇంజనులు ఇప్పటికిని తిరుగుచున్నవి. వానిని చేసిన కార్ఖానాలలో చాల భాగము మూతపడినవి, లేదా ఆ తరగతి ఇంజనులను చేయుట మానినవి. కార్ఖానా లేని ఇంజనునకు విడిభాగము ఎక్కడినుండి వచ్చుచున్నది? మనము తెలిసికొనవలసినది ఇదియే.

మొదట పేరు, తరువాత వెదకుట

పాత ఇంజనుగల పడవవాడు విడిభాగము కావలెనని బజారునకు పరుగెత్తడు. ముందుగా ఇంజనుమీది రేకును తుడిచి చదువును. కంపెనీ పేరు, తరగతి, వరుస సంఖ్య, హార్సుపవరు, నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగును అను సంగతులను వ్రాసికొనును. ఏలయన ఒకే పేరుగల ఇంజనులలో సైతము పిస్టనో, పంపో, హెడ్డో నడుమ నడుమ మాఱియుండును. లిస్టరువారి 5 హార్సుపవరు ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగును; దానినుండి వచ్చిన 6 హార్సుపవరు ఇంజను 650 చుట్లు తిరుగును. చూపునకు రెండును ఒకటే. రెండింటి సిలిండరు వ్యాసమును 4½ అంగుళములే. అంతమాత్రమున ఒకదాని వస్తువులన్నియు రెండవదానికి సరిపోవునని యనుకొనరాదు. “లిస్టరు ఇంజనునకు కావలెను” అని అడుగుట, “కోటయ్యగారి అబ్బాయి కావలెను” అని పెద్ద ఊరిలో అడుగుటవంటిది.

రస్సెల్ న్యూబెరీ ఇంజనులు గల పడవలవారు తమలో తాము ఒక సంఘముగా కూడి, ఏ సంఖ్యగల ఇంజను ఏ పడవలో నున్నదో తెలుపు చిట్టా నొకదానిని ఉంచుకొన్నారు. ఇట్టి చిట్టా యున్నచోట ఒకనికి పిస్టను కావలసినచో, అదే తరగతి ఇంజనుగల మఱియొకడు ఎక్కడ చేయించెనో తెలియును. పదిమందికి అదే వస్తువు కావలసియున్నచో పదింటిని ఒక్కమాఱు చేయింపవచ్చును. ఒక్క పిస్టను పోతపోయుమన్న ఒప్పుకొనని ఫౌండ్రీవాడు పది చేయుమన్న ఒప్పుకొనును, వెలయును తగ్గును. విడిభాగము దుకాణమున దొరకుటకు ముందు పుస్తకమున దొరకవలెను. ఈ మాటను సభ్యులు మనసున నుంచుకొనవలెనని మా కోరిక.

నాలుగు దారులు

పడవలవారు విడిభాగములను సంపాదించు దారులు నాలుగు. వీనిలో ఏ వస్తువునకు ఏ దారియో తెలిసికొన్నచో సగము కష్టము తీఱును.

మొదటిది బజారు దారి. ఇంజనులోని అన్ని వస్తువులును ఆ కంపెనీవే కావు. బాల్ బేరింగులు, ఆయిల్ సీళ్లు, బెల్టులు మొదలగునవి ఎల్లరకును సమానమైన కొలతలతో చేయబడును. బేరింగు అంచున 6205 అని యున్నచో, దాని లోపలి వ్యాసము 25, వెలుపలి వ్యాసము 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. అది పడవలో నున్నను, పంపులో నున్నను, పిండిమఱలో నున్నను కొలత మాఱదు. ఆయిల్ సీలునకును ఇరుసు వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము అను మూడు కొలతలు చాలును. ఇట్టివానిని “ఆ ఇంజను సామాను” అని అడిగి, లేదనిపించుకొని తిరిగివచ్చినవారిని మేము చాలమందిని చూచితిమి. సంఖ్యనుబట్టి అడిగియున్నచో మొదటి దుకాణముననే దొరకియుండును. నాజిళ్లు, పంపు ఎలిమెంట్లు సయితము సాధారణముగా ఇంజను కంపెనీవి గాక ఇంధనపు పంపులు చేయు కంపెనీలవి. వానిమీదను సంఖ్య లుండును. ఇంగ్లండులో సి.ఎ.వి. వారివి, మన దేశమున 1951లో స్థాపితమైన మైకోవారివి ప్రసిద్ధములు. పంపు ఎలిమెంటులోని కడ్డీయు గొట్టమును ఒకదానికొకటి నూఱి జతపఱచినవి. ఒక జంటలోని కడ్డీని వేఱొక జంట గొట్టములో పెట్టరాదు, ఆకురాయి తాకింపనేరాదు.

రెండవది బాగుచేయించు దారి. పాత ఇంజనులందు వైట్ మెటలు పోసిన బేరింగులుండును. అవి అఱిగినచో పాత లోహమును కరగించి తీసివేసి క్రొత్తది పోసి లేతుమీద సరిచేయవచ్చును. క్రాంకు అఱిగినచో సాన పట్టించి తక్కువ కొలత బేరింగులను వేయవచ్చును. లైనరు మార్చవచ్చును. రాగి వాషరు గట్టిపడి నూనె కారుచున్నచో దానిని ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచినచో మరల మెత్తబడును. ఉక్కు ఇట్లు చేసిన గట్టిపడును, రాగి మెత్తబడును. కాని యన్నియు బాగుచేయదగినవి కావు. బీట వాఱిన పోత ఇనుప ఫ్లైవీలును వెల్డింగు చేయించి మరల త్రిప్పుట ప్రాణాపాయము. అది వేగముతో తిరుగునప్పుడు పగిలినచో దగ్గఱ నున్నవారు బ్రతుకుట కష్టము. ఇచ్చట పొదుపు మాట యెత్తరాదు.

మూడవది క్రొత్తగా చేయించు దారి. పైపు మలుపు, నీటి కోటు మూత మొదలైన పోత వస్తువులు విఱిగినప్పుడు మనవారు పాత ముక్కనే ఫౌండ్రీ కిచ్చి “ఇటువంటిదే పోయుము” అందురు. వచ్చిన వస్తువు చిన్నదై యుండును. పోత ఇనుము చల్లాఱునప్పుడు అడుగునకు సుమారు అంగుళములో ఎనిమిదవ వంతు కుదియును. లేతుమీద కోతకు పోవు మందము వేఱుగా నుండనే యున్నది. కావున తెలిసిన పనివాడు పాతదానికంటె ఆ మేరకు పెద్దదిగా కఱ్ఱమాదిరి చేసి దానితో మూస పోయును. పడవలవారి సంఘములు ఇట్టి మాదిరులను భద్రపఱచుకొనుట మెచ్చదగిన పద్ధతి. మాదిరి యొకటి యున్నచో ఇరువది యేండ్ల తరువాతనైనను ఆ వస్తువు పుట్టించవచ్చును.

నాలుగవది పరదేశపు దారి. ఇచ్చట మన దేశమునకు సంబంధించిన సంగతి వచ్చుచున్నది. ఇంగ్లండులో గ్లాస్టరుషైరులోని డర్స్లీ పట్టణమున లిస్టరు కంపెనీవారు 1930 ప్రాంతమునుండి 1987 వఱకు సి.ఎస్. అను తరగతి ఇంజనులను చేసిరి. అవి ముఖ్యముగా పొలములలోను, అక్కడక్కడ పడవలలోను పనిచేసినవి. డర్స్లీలో పని ఆగినను గుజరాతులోని రాజకోటలో ఆగలేదు. రాజకోట కార్ఖానాలు ఆ నమూనాననుసరించి ఇంజనులను, విడిభాగములను చేయుచు వచ్చినవి. అవి ఇంగ్లండునకును ఇతర దేశములకును పోయినవి. ఇంజను పుట్టిన దేశమువారు దాని రింగులకొఱకు మన దేశమువంక చూడవలసివచ్చినది. అట్లే బి.ఎం.సి. అను ఇంగ్లీషు కంపెనీవారి 1.5 లీటరు డీజిలు ఇంజనులు చాల ఇఱుకు పడవలలో నున్నవి. ఆ వంశపు 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనునే హిందూస్తాన్ మోటార్సువారు మన అంబాసిడరు కార్లలో పెట్టిరి. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది.

ఇది మనకు గర్వకారణము కావచ్చును గాని అజాగ్రత్తకు కారణము కారాదు. నమూనా యొకటియైనను కార్ఖానాలు పెక్కు. కొన్ని ఇంజనులలో ప్రధాన బేరింగులు రోలరువి, కొన్నింటిలో బుష్షులు. కొలతలలోను స్వల్ప భేదములుండును. క్రొత్త ఇంజనులలో కొన్నింటి లోపల పోతపని యిసుక మిగిలియుండి, నూనెలో కలిసి బేరింగులను తినివేసిన సందర్భములు కలవు. కావున క్రొత్త రింగును పిస్టనుమీద నెక్కించుటకు ముందు లైనరులో విడిగా నుంచి, రెండు కొనల నడుమ సందును కొలువవలెను. సందు లేనిచో వేడికి వ్యాకోచించి కొనలు తగులుకొని రింగు విఱుగును, లైనరు గీతలు పడును. క్రొత్త ఇంజనును నడుపుటకు ముందు క్రాంకు పెట్టెను విప్పి తుడువవలెను.

మఱల సంగతి యొకటి చెప్పి ముందునకు పోవుదుము. పాత ఇంగ్లీషు ఇంజనుల బోల్టులు పెక్కు విట్‌వర్తు మఱలవి. అర అంగుళపు విట్‌వర్తు బోల్టునకు అంగుళమునకు 12 చుట్లుండును. చూపునకు అట్లే యుండు అమెరికా కొలత బోల్టునకు 13. రెండు మూడు చుట్లవఱకు నట్టు హాయిగా నెక్కును, తరువాత బిగియును. అప్పుడు పొడవాటి పానాతో బలము చూపువాడు బోల్టునే కాదు, దానిని పట్టియున్న హెడ్డునుకూడ పాడుచేయును. చేతితో కడవఱకు నడువని నట్టును పానాతో నడుపరాదు.

ఆక్షేపణలు

ఇంత శ్రమ యేల, కరెంటు మోటార్లున్నవి గదా యని కొందఱు అడుగుదురు. కరెంటు స్తంభమున్నచోట మోటారే మేలు, మేము కాదనము. కాని మురుగు కాలువ గట్టునకును, లంక భూములకును, చెఱువు లోపలి మడులకును తీగ పోలేదు. తుపాను తరువాత తీగ యున్నచోటను కరెంటు వెంటనే రాదు. అట్టి దినములకు ఇంజను కావలెను.

తేలిక ఇంజనులు చవుకగా వచ్చుచున్నవి, పాతది అమ్మి క్రొత్తది కొనరాదా యని మఱికొందఱు. కొనవచ్చును. పాత ఇంజనుమీద ప్రేమచే మేము మాటలాడుట లేదు. క్రాంకు బీటవాఱిన ఇంజనును, ఎన్ని రింగులు మార్చినను గంటకు త్రాగు నూనె తగ్గని ఇంజనును విడిచివేయుటయే మంచిది. కాని క్రొత్తది కొనువాడు కూడ ఇదే ప్రశ్నను కొనుటకు ముందే అడుగవలెను: పదియేండ్ల తరువాత దీని నాజిల్ ఎచ్చట దొరకును? దీనికి జవాబు లేని ఇంజను ఎంత చవుకయైనను ప్రియమే.

మెకానిక్కు చూచుకొనును గదా, సంఘమున కేమి పని యని కడపటి ఆక్షేపణ. మన పల్లెల పాత మెకానిక్కుల నేర్పు గొప్పది. ఇంజను శబ్దము విని రోగము చెప్పువారు వారిలో కలరు. కాని వారి జ్ఞానము వారి తలలోనే యున్నది. ఏ హెడ్డు ఏ ఇంజనున కతికించిరో, ఏ లైనరునకు ఎంత కోత పట్టించిరో ఎచ్చటను వ్రాయలేదు. ఆ మెకానిక్కు పోయిన దినమున ఆ ఊరి ఇంజనులన్నియు దిక్కులేనివగును. వ్రాయించుకొనుట మన విధి.

సంఘము చేయవలసినది

సహకారోద్యమమునకు ఆదర్శమైన రాచ్‌డేల్ దుకాణము 1844లో ఇంగ్లండులోని యొక కాలువ పట్టణముననే పుట్టినది. ఇరువది యెనమండుగురు కలిసి, ఒక్కొక్కడు విడిగా కొనలేని మంచి సరకును ఉమ్మడిగా కొనిరి. వారు పిండి, వెన్న, చక్కెరలతో ఆరంభించిరి. మనము రింగులతోను గాస్కెట్లతోను ఆరంభింపవచ్చును. సూత్ర మొక్కటే.

మొదట ప్రతి సంఘమును ఒక ఇంజను చిట్టాను తెఱువవలెను. సభ్యుల ఇంజను లొక్కొక్కదానికి ఒక్కొక్క పుట. అందు కంపెనీ, తరగతి, సంఖ్య, హార్సుపవరు, చుట్లు, కొన్న సంవత్సరము. పిమ్మట మార్చిన ప్రతి వస్తువు, దాని కొలత, మార్చిన తేది, దొరకిన చోటు, వెల. కొలతను అఱుగని తావున తీయవలెను. అఱిగిన తావున తీసిన కొలత అఱిగిన వస్తువునే తెచ్చును. క్రొత్త వస్తువు అమరి ఇంజను నడుచువఱకు పాతదానిని పాఱవేయరాదు.

రెండవది విడిభాగముల పెట్టె. చిట్టా చూచినచో ఊరిలో ఎక్కువగా నున్న ఇంజను తరగతి యేదో తెలియును. ఆ తరగతికి రింగుల జతలు, గాస్కెట్లు, నాజిళ్లు, వాల్వు స్ప్రింగులు, నూనె వడపోతలు, ఇంధనపు గొట్టములు, కొన్ని బోల్టులు కొని యుంచవలెను. అన్నియు కొనుట అవివేకము. సంఘపు సొమ్ము తుప్పు పట్టును. రబ్బరు వస్తువులు నిలువయుండి చెడును గావున కొద్దిగా నుంచవలెను. ఉక్కు వస్తువులకు నూనె పూసి కాగితమున చుట్టి యుంచవలెను. వస్తువు తీసికొన్న సభ్యుడు ఆ దినముననే వెల కట్టవలెను. ఆ సొమ్ముతో నెలలోపల అదే వస్తువును మరల కొని పెట్టెలో నుంచవలెను. అరువిచ్చిన పెట్టె ఒక్క కారులో ఖాళీయగును.

మూడవది పొరుగు సంఘములతో పొత్తు. అన్ని ఊళ్లును అన్ని వస్తువులను నిలువయుంచనక్కఱలేదు. ఒకరు లైనర్లు, ఒకరు పంపు ఎలిమెంట్లు, ఒకరు పోతపని మాదిరులు. చిట్టాల నకళ్లు ఒకరివద్ద నొకరివి యున్నచో అవసరమునకు టెలిఫోనులో అడిగి తెచ్చుకొనవచ్చును. పాడైన రెండు ఇంజనులనుండి ఒక మంచి ఇంజనును చేయుట పడవలవారికిని తెలిసిన ఉపాయమే. కాని ఏ ఇంజనును విప్పవలెనో యజమానులు కూడి నిర్ణయింపవలెను. పాత ఇనుము వర్తకుడు నిర్ణయింపరాదు. సంఘసభ్యుడు తన ఇంజను నమ్మదలచినప్పుడు మొదట సంఘమునకు చెప్పవలెనని యొక తీర్మానము చేసికొన్న చాలును. తూనికలో కొద్ది సొమ్మునకు పోవు ఇంజనులో పొరుగువాని పంటను కాపాడు పంపు ఉండవచ్చును.

ఇది గొప్ప పెట్టుబడితో చేయు పని కాదు. ఒక పుస్తకము, ఒక పెట్టె, ఒక కొలత పనిముట్టు, నెలకొక గంట శ్రద్ధగల కార్యదర్శి యుండిన చాలును. కాలువ పడవలవారిలో అనేకులు ఒకరికొకరు పరిచయములేనివారు, వేర్వేఱు ఊళ్లవారు. పాత ఇంజనుమీది అభిమానమే వారిని కలిపినది. మనకు అంతకంటె బలమైన కారణము కలదు. మన ఇంజను నిలిచినచో విహారము కాదు, పంట ఆగును. కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా సంఘముల అధ్యక్షులను, కార్యదర్శులను కోరుచున్నాము. దాళ్వా నాటు పూర్తికాకమునుపే ఇంజనులమీది రేకులు తుడిచి, సంఖ్యలు వ్రాసికొనవలెను. నీరు తగ్గిన తరువాత వ్రాయుటకు తీఱిక యుండదు.